కరెంటు లేని గదిలో డిక్టేషన్

దెయ్యాలంటే భయం లేదని గొప్పగా చెప్పుకునేవాళ్ళు చాలామంది ఉంటారు. నా సంగతి అది కాదు. నాకసలు ఆ ఆలోచనే ఎప్పుడూ రాలేదు. మాది ఏలూరు. మా నాన్న మిషన్ స్కూల్లో సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యారు. చర్చిలో పెద్ద. చనిపోయినవాళ్ళు నిద్రలో ఉంటారని, పిలుపు వచ్చేదాకా లేవరని ఆయన నమ్మకం. మా ఇంట్లో దెయ్యాల కథలు చెప్పుకోవడమంటే ఆ నమ్మకాన్ని వెక్కిరించడమే. అందుకని చిన్నప్పుడు కూడా అలాంటివి వినలేదు.

పెద్దయ్యాక నేను ఎంచుకున్న పని కూడా అలాంటిదే. కంప్యూటర్లు బాగుచేస్తాను. ఆడపిల్లకి ఈ పనేంటన్నారు గానీ, నాకు ఇదే నచ్చింది. మెషీను ఆన్ కాకపోతే దానికో కారణం ఉంటుంది. ఆఫ్ కాకపోతే ఇంకో కారణం ఉంటుంది. ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. ఇప్పుడు రాయబోయే సంగతికి మాత్రం ఎంత వెతికినా నాకు కారణం దొరకలేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. ఊళ్ళు నిజం, మనుషుల పేర్లు మాత్రం మార్చాను.

ఏలూరు, తాడేపల్లిగూడెం, కైకలూరు, ఈ మూడు ఊళ్ళ మధ్యా తిరుగుతూ ఆస్పత్రులకీ, ల్యాబులకీ, రైసుమిల్లుల ఆఫీసులకీ పనిచేస్తుంటాను. ఈమధ్య బాగుచేసే పని కంటే పాతవి తీసేసే పనే ఎక్కువైంది. ఫైలు డిలీట్ చేస్తే పోయిందనుకుంటారు చాలామంది. పోదు. పుస్తకంలో విషయసూచిక ఒక్కటీ చింపేసినట్టు, అంతే. పేజీలన్నీ లోపలే ఉంటాయి. డిస్కు మొత్తం మీద మొదట్నుంచి చివరిదాకా సున్నాలు రాయించాలి. దానికి గంటలు పడుతుంది. ఆ తర్వాత కూడా నేను డిస్కు మూత విప్పి, లోపలుండే అద్దాల్లాంటి పళ్ళేలకి డ్రిల్లుతో చిల్లులు పెడతాను.

అంత జాగ్రత్త ఎందుకని అడుగుతుంటారు. మా వైపే ఒక ల్యాబువాళ్ళు పాత కంప్యూటర్లని అలాగే పాత సామాన్లవాడికి వేసేశారు. అందులోంచి ఒకమ్మాయి రిపోర్టు బయటికొచ్చి, కుదిరిన పెళ్ళి ఆగిపోయింది. వాళ్ళమ్మ ఆ ల్యాబు మెట్ల మీద కూర్చుని ఏడవడం నేను చూశాను. ఆస్పత్రి డిస్కు అంటే ఇనపముక్క కాదు. ఊళ్ళోవాళ్ళ గుట్టు.

కైకలూరు నుంచి ఫోన్ వచ్చింది ఒక వేసవిలో. చేపల మేత అమ్మే దుకాణాల వరసలో ఒక స్కానింగ్ సెంటరు ఉండేది. అక్కడి డాక్టర్‌గారిని నేను అంతకుముందు రిపేరు పని మీద వెళ్ళినప్పుడు ఒకటి రెండుసార్లే చూశాను. కొల్లేటి లంకల నుంచి, చెరువుల మీద పనిచేసేవాళ్ళ దగ్గర్నుంచి, గర్భిణులూ ముసలివాళ్ళూ అందరూ ఆయన దగ్గరికే వచ్చేవాళ్ళు. ఒక ఆదివారం పొద్దున్న కాఫీ తాగుతూ తాగుతూ కుర్చీలోనే ఒరిగిపోయారట. ఆస్పత్రికి తీసుకెళ్ళేలోపే పోయారు.

ఫోన్ చేసింది ఆయన భార్య సత్యవతిగారు. సెంటరు మూసేస్తున్నామని, స్కానింగ్ మెషీన్లు పర్మిషన్లు తీసుకుని వేరే ఆస్పత్రివాళ్ళకి ఇచ్చేశామని, దాచాల్సిన కాగితాలు వేరే పెట్టామని, ఇంక కంప్యూటర్లు ఏం చేయాలో తెలీడం లేదని చెప్పారు. గొంతు మెత్తగా ఉంది. మాటకీ మాటకీ మధ్య చాలాసేపు ఆగుతున్నారు.

బస్సులో వెళ్ళాను. కొల్లేరు దాటేదాకా రెండువైపులా చేపల చెరువులే. ఎండకి నీళ్ళు తెల్లగా మెరుస్తూ, చేపలకి గాలి అందించే ఏరేటర్లు తిరుగుతూ, ఆ నీచు వాసన బస్సులోకి కొడుతూ. సెంటరు కింద, ఇల్లు పైన. పిల్లలు లేరు. ఆవిడకి అరవై దాటి ఉంటాయి. సన్నగా, నూలు చీరలో, చెవులకి చిన్న దిద్దులతో ఉన్నారు. పక్కనే ఇంకొకావిడ నిలబడి ఉంది. పేరు నసీమా. నా వయసే. వాళ్ళాయన అదే వీధిలో టైలరు. డాక్టర్‌గారు సెంటరు పెట్టినప్పట్నుంచీ ఈవిడే టైపిస్టు. ఆయన పోయాక పని లేకపోయినా, రోజూ పొద్దున్నే వచ్చి బల్లలు తుడిచి వెళ్తోందట.

రిపోర్టుల గది వెనకవైపు ఉంది. రెండు బల్లలు. ఒకటి డాక్టర్‌గారిది, ఒకటి నసీమాది. స్కాన్ చేసి వచ్చాక ఆయన మైకులో రిపోర్టు చెప్పేవారు. అది కంప్యూటర్‌లో రికార్డయ్యేది. నసీమా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆయన చెప్పింది వింటూ టైపు కొట్టేది. ఇన్నేళ్ళుగా ఇదే పద్ధతి. ఆ రికార్డింగులు ఎవరూ తీసెయ్యలేదు. అన్నీ ఆయన కంప్యూటర్‌లోనే ఉన్నాయి.

ఆ కంప్యూటర్ ఆన్‌లో ఉంది.

"ఆయన వెళ్ళిపోయినప్పట్నుంచీ ఇది ఆపలేదమ్మా," అన్నారు సత్యవతిగారు. "శనివారం సాయంత్రం ఇలాగే వదిలేసి పైకొచ్చారు. సోమవారం వచ్చి చూసుకుందాం అనుకున్నారు కాబోలు."

"కరెంటు పోతే ఎలాగండీ?"

"ఇన్వర్టరు ఉంది కదమ్మా. బ్యాటరీల్లో నీళ్ళు నేనే పోస్తున్నాను."

నేను అంతకుముందు రిపేరుకొచ్చినప్పుడు పెట్టుకున్న నా లాగిన్‌తో లోపలికి వెళ్ళి, డిస్కులో ఏమేం ఉన్నాయో చూసుకున్నాను. తర్వాత ఆపేద్దామని షట్‌డౌన్ నొక్కాను. తెర మీద ఒక మాట వచ్చింది. ఈ కంప్యూటర్‌ని ఇంకొకరు వాడుతున్నారు, ఇప్పుడు ఆపేస్తే వాళ్ళు చేసుకున్న పని పోవచ్చు అని. ఇంగ్లీషులో ఉన్నదాన్ని నసీమా పైకి చదివి, తెలుగులో చెప్పింది.

"వాడుతున్నారా?" అన్నారు సత్యవతిగారు.

లేదండీ అని వివరంగా చెప్పాను. డాక్టర్‌గారు లాగవుట్ అవకుండా వెళ్ళారు కాబట్టి ఆయన లాగిన్ ఇంకా తెరిచే ఉందని, ఏ కంప్యూటరైనా ఇలాగే అడుగుతుందని. ఇది మామూలు సంగతే. ఇందులో వింతేమీ లేదు. ఆవిడ విన్నారు, తల ఊపారు. కానీ నేను మౌస్ మీద చెయ్యి వెయ్యబోతే నా మణికట్టు పట్టుకున్నారు.

"ఇవాళ వద్దమ్మా."

కారణం మెట్ల మీద కూర్చున్నాక చెప్పారు. ఆయన మితభాషి. ఫోన్లో రెండు ముక్కలు మాట్లాడి పెట్టేసేవారు. పెళ్ళిళ్ళలో వీడియో తీస్తుంటే పక్కకి తప్పుకునేవారు. ఇంట్లో ఆయన గొంతు ఉన్న వస్తువు ఒక్కటీ లేదు. ఉన్నదల్లా ఆ డిస్కులోనే.

"అందులో వాళ్ళందరి పేర్లూ, జబ్బులూ ఉంటాయని నాకు తెలుసమ్మా. అవి ఉంచుకోకూడదు. ఆయనైనా ఒప్పుకోరు. ఎవరి పేరూ లేనిది, ఊరికే ఆయన మాట్లాడింది ఏదైనా ఉంటే ఒక్కటి తీసిపెట్టండి. మిగతావన్నీ తీసెయ్యండి."

ఇంత చిన్న పని చేయలేనా అనుకున్నాను. మర్నాడంతా నేనూ నసీమా ఆ గదిలో కూర్చుని విన్నాం. అన్నీ వినడం ఎలాగూ కుదరదు. మరీ చిన్నవి, మరీ పెద్దవి, సెలవు రోజుల్లో రికార్డయినవి, ఇలా ఏరుకుని విన్నాం. ప్రతిదీ ఒకేలా మొదలైంది. పేషెంటు పేరు, వయసు, పంపిన డాక్టరు. తర్వాత లివర్, గాల్‌బ్లాడర్, కిడ్నీలు, వరసగా. గొంతు కొంచెం బొంగురు. మాట మాటకీ మధ్య కాగితం తిప్పిన చప్పుడు. దగ్గు కూడా లేదు. నసీమాతో కూడా మైకులో ఒక్క మాట అనలేదు.

"ఆయనంతేనండీ," అంది నసీమా. "మైకు ఆన్ చేస్తే రిపోర్టు. అయిపోతే ఆఫ్. మధ్యలో ఇంకేం ఉండేది కాదు. నేను చెప్తూనే ఉన్నాను అమ్మగారికి."

సాయంత్రానికి ఆ గొంతు నాకు మా ఇంట్లోవాళ్ళ గొంతులా అలవాటైపోయింది. చీకట్లో వినిపించినా గుర్తుపడతాననిపించింది. ఈ సంగతి ఎందుకు చెప్తున్నానంటే, తర్వాత నేను విన్నది ఎవరి గొంతో నాకు అనుమానం లేదు.

చివరికి ఒక ఉపాయం ఆలోచించాను. ఒక రికార్డింగులో ముందూ వెనకా కోసేసి, పేరు లేకుండా మధ్య ముక్క ఒకటి తీశాను. లెఫ్ట్ కిడ్నీ నార్మల్, సైజు నార్మల్, రాళ్ళు లేవు, అంతవరకే. సత్యవతిగారిని కిందికి పిలిచి వినిపించాను. ఆవిడ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కళ్ళు మూసుకుని విన్నారు. మొహంలో ఏదో వెలిగినట్టే వెలిగి ఆరిపోయింది.

"ఇది ఎవరిదో కిడ్నీ గురించి కదమ్మా," అన్నారు హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెడుతూ. "వాళ్ళది నాకెందుకు?"

ఆవిడే మళ్ళీ అన్నారు.

"తీసెయ్యండి. అన్నీ తీసెయ్యండి. ఆపేది మాత్రం నేను ఆపుతాను."

మౌస్ ఆవిడ చేతికిచ్చాను. అదే మాట మళ్ళీ తెర మీదికొచ్చింది. ఇంకొకరు వాడుతున్నారని. ఆవిడ ఆ అక్షరాలవైపు చూస్తూ కాసేపు ఉండిపోయి, నేను చూపించిన చోట నొక్కారు. తెర నల్లబడింది. లోపలి ఫ్యాన్ ఆగిపోయింది. అన్నాళ్ళుగా మోగుతున్న ఆ చప్పుడు ఆగేసరికి గది ఒక్కసారిగా పెద్దదైపోయినట్టనిపించింది. నసీమా మొహం తిప్పుకుంది.

ఆ రాత్రి నేను తెచ్చిన పెన్‌డ్రైవ్ పెట్టి, డిస్కులన్నిటి మీదా సున్నాలు రాయించే ప్రోగ్రాం నడవనిచ్చి ఏలూరు వచ్చేశాను. పొద్దున్నే వెళ్ళి పరీక్షించాను. డాక్టర్‌గారి డిస్కు ప్రత్యేకంగా చూశాను. మొదలు, చివర, మధ్యలో అక్కడక్కడా. అన్నీ సున్నాలే. అక్షరం ముక్క లేదు. ఇది నేను ప్రమాణం చేసి చెప్పగలను.

ఆ తర్వాత ఇన్వర్టరూ బ్యాటరీలూ కొనుక్కున్నవాళ్ళు వచ్చి పట్టుకెళ్ళారు. నేను మెషీన్ల ప్లగ్గులన్నీ పీకేసి, వైర్లు చుట్టి రబ్బరుబ్యాండ్లు వేశాను. డిస్కులు బయటికి తీసి పెరట్లో గట్టు మీద ఒక్కొక్కటీ డ్రిల్లు చేస్తూ వచ్చాను. డాక్టర్‌గారిది చివరికి ఉంచాను. దాని మూత విప్పి, డ్రిల్లు పెట్టబోతుండగా కరెంటు పోయింది. వీధి మొత్తం పోయింది. ఎదురు దుకాణంలో రేడియో కూడా ఆగిపోయింది.

మధ్యాహ్నం. గాలి లేదు. సత్యవతిగారు మజ్జిగ తెచ్చి ఇచ్చి, నా పక్కన గట్టు మీదే కూర్చున్నారు. మూత తీసిన డిస్కు నా ఒళ్ళో ఉంది. ఎండ దాని మీద పడి గోడ మీద గుండ్రంగా మెరుస్తోంది. కరెంటు ఎప్పటికొస్తుందో అనుకుంటూ ఉన్నాం.

అప్పుడు లోపల్నుంచి టకటకమని చప్పుడు వినపడింది. కీబోర్డు చప్పుడు.

నసీమా బల్లలు తుడుస్తోందేమో, చెయ్యి తగిలిందేమో అనుకున్నాను. కానీ ఆగలేదు. వేగంగా, ఒక లయలో, మధ్యలో చిన్నగా ఆగి మళ్ళీ అందుకుంటూ. టైపు వచ్చినవాళ్ళు కొట్టే చప్పుడు. సత్యవతిగారు నా వైపు చూశారు. డిస్కు గట్టు మీద పెట్టి, ఇద్దరం లోపలికి వెళ్ళాం.

నసీమా తన కుర్చీలో కూర్చుని ఉంది. నల్ల హెడ్‌ఫోన్స్ చెవులకి పెట్టుకుని ఉంది. వేళ్ళు కీబోర్డు మీద పరుగెడుతున్నాయి. ఎదురుగా తెర ఉండాల్సిన చోట ఖాళీ. తెర నేనే తీసి మూల పెట్టాను. కీబోర్డు వైరు చుట్టి, రబ్బరుబ్యాండు వేసి ఉంది. హెడ్‌ఫోన్స్ వైరు బల్ల అంచు మీదుగా కిందికి జారి, దాని పిన్ను ఆమె కాళ్ళ దగ్గర గచ్చు మీద పడి ఉంది. అది దేనికీ తగిలించి లేదు.

"నసీమాగారూ," అన్నాను. వినలేదు. ఆమె మొహం మామూలుగా ఉంది. పనిలో ఉన్న మనిషి మొహం. కనుబొమలు కొంచెం ముడిచి, ఏదో కష్టమైన మాట సరిగ్గా వినడానికి చూస్తున్నట్టు.

సత్యవతిగారు దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేశారు. నసీమా తలెత్తి ఆవిడని చూసింది. చూసిన క్షణంలో వేళ్ళు ఆగిపోయాయి. అప్పుడు భయపడింది. అంతవరకూ లేని భయం ఆవిడ మొహం చూశాక వచ్చింది. హెడ్‌ఫోన్స్ లాగి బల్ల మీద పడేసింది.

"ఏమైంది నసీమా?"

"ఊరికే పెట్టుకున్నానండీ అమ్మగారూ. చివరిసారి కదా అని. ఏదో కాసేపు పెట్టుకుందామని..." ఆమె హెడ్‌ఫోన్స్ వైపు చూపించింది. "సార్ చెప్తున్నారండీ."

"ఏం చెప్తున్నారు?"

"రిపోర్టండీ."

"ఎవరిది?"

నసీమా ఆవిడనే చూస్తూ ఏడవడం మొదలుపెట్టింది. మాకు అర్థమైపోయింది.

నేను చేసిన పని చెప్తాను. ముందు వంగి, గచ్చు మీది పిన్ను చేత్తో పట్టుకుని చూశాను. హెడ్‌ఫోన్స్‌లో బ్లూటూత్ లేదు, బ్యాటరీ లేదు, పాత రకం. నసీమా ఫోను బల్ల మీదే ఉంది, ఛార్జింగ్ అయిపోయి ఆరిపోయి ఉంది. గదిలో కరెంటు లేదు. ఇవన్నీ చూశాకే హెడ్‌ఫోన్స్ నా చెవులకి పెట్టుకున్నాను. పిన్ను నా కుడిచేతిలోనే ఉంది.

ముందేమీ లేదు. తర్వాత కాగితం తిప్పిన చప్పుడు. తర్వాత ఆ గొంతు. బొంగురుగా, తొందర లేకుండా, ముందురోజంతా నేను విన్న గొంతు. లెఫ్ట్ కిడ్నీ నార్మల్ అంది. బ్లాడర్ నార్మల్ అంది. కాస్త ఆగి, ఇంప్రెషన్ అంది. రిపోర్టు చివర ముఖ్యమైన సంగతి చెప్పేముందు వాడే మాట అది. ఆ మాట దగ్గర నేను హెడ్‌ఫోన్స్ తీసేశాను. ధైర్యం చాలలేదు.

"ఇలా ఇవ్వమ్మా," అన్నారు సత్యవతిగారు.

ఆవిడ డాక్టర్‌గారి కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్స్ పెట్టుకున్నారు. కళ్ళు మూసుకున్నారు. చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకున్నారు. నేనూ నసీమా గోడకి ఆనుకుని నిలబడ్డాం. ఆవిడ కదల్లేదు. మొహంలో సంతోషం లేదు, ఏడుపు లేదు. బయట లారీలు వెళ్తున్నాయి. ఎంతసేపు గడిచిందో నేను చూసుకోలేదు గానీ, చాలాసేపు. ఫ్యాను తిరగడం మొదలయ్యేదాకా ఆవిడ అలాగే ఉన్నారు.

కరెంటు రాగానే కళ్ళు తెరిచి, హెడ్‌ఫోన్స్ తీసి, వైరు పద్ధతిగా చుట్టి బల్ల మీద పెట్టారు.

"ఆ పని కానిచ్చెయ్యండమ్మా," అన్నారు.

ఆవిడ చూస్తుండగానే డిస్కుకి చిల్లులు పెట్టాను. పళ్ళెం పగిలి ముక్కలైంది. ముక్కలన్నీ మూటకట్టి, మిగతా సామానుతోపాటు పాత ఎలక్ట్రానిక్ సరుకు తీసుకునేవాళ్ళకి అప్పగించాను. హెడ్‌ఫోన్స్ కావాలని ఎవరూ అడగలేదు. అవీ అందులోనే వెళ్ళిపోయాయి.

బస్టాండుకి వెళ్ళేముందు నసీమాని వీధి చివర ఆపి అడిగాను. చెప్పింది. పేరు సత్యవతి, వయసు అరవై రెండు. కుడి కిడ్నీ పైభాగంలో గడ్డ, దాదాపు మూడు సెంటీమీటర్లు.

"టైపు కొడుతున్నప్పుడు పేరు పట్టించుకోలేదండీ. సత్యవతులు బోలెడుమంది కదండీ. అమ్మగారి మొహం చూశాకే తట్టింది."

"ఎప్పుడో డాక్టర్‌గారు ఆవిడకి స్కాన్ చేసి, మీకు ఇచ్చి ఉంటారేమో. అది గుర్తొచ్చిందేమో."

"సార్ ఇంట్లోవాళ్ళకి చెయ్యరండీ. చెయ్యి వణుకుతుందనేవారు. అమ్మగారికి ఎప్పుడు కావాలన్నా ఏలూరు పంపేవారు. అమ్మగారి పేరు మీద నేను ఒక్క రిపోర్టూ కొట్టలేదు."

నసీమా విన్నది చెప్పి, స్కాన్ చేయించుకోమని నేను ఫోన్లో ఎన్నిసార్లు బతిమాలినా సత్యవతిగారు వినలేదు. నాకేం బాధ లేదమ్మా, నొప్పి లేదు, ఎందుకు అనేవారు. చివరికి నసీమా తనే వెళ్ళి, ఆవిడని బస్సెక్కించి ఏలూరు తీసుకొచ్చింది. నేను వాళ్ళతోపాటు ఆస్పత్రికి వెళ్ళాను. అక్కడి డాక్టరు కుర్రాయన. స్కానింగ్ ప్రోబు కుడివైపు పెట్టి, తిప్పి తిప్పి చూసి, ఆగిపోయాడు.

"మీకు నొప్పేమైనా ఉందాండీ?"

"లేదు బాబూ."

"మూత్రంలో ఎరుపు? జ్వరం?"

"లేదు."

"మరి ఎవరు రాసిచ్చారండీ ఈ స్కాను?"

"మా వారు," అన్నారు సత్యవతిగారు.

కుడి కిడ్నీ. పైభాగం. దాదాపు మూడు సెంటీమీటర్లు. డాక్టర్ చెప్తుంటే నసీమా నా చెయ్యి పట్టుకుంది. గోళ్ళు గుచ్చుకున్నాయి. నేను వదిలించుకోలేదు.

విజయవాడలో ఆపరేషన్ జరిగింది. కిడ్నీ తీసేశారు. గడ్డ మంచిది కాదని, ఇంకొన్నాళ్ళు ఆలస్యమైతే చేతులు దాటిపోయేదని చెప్పారు. సత్యవతిగారు బతికారు. కైకలూరు ఇల్లు ఖాళీ చేసి తాడేపల్లిగూడెంలో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోయారు. నసీమా ఇప్పుడు వాళ్ళాయన షాపులో కాజాలు కుడుతోంది. వేరే ల్యాబువాళ్ళు టైపు పనికి పిలిస్తే వెళ్ళలేదు.

నేను కారణాలు వెతకడం మానలేదు. పొడుగాటి వైరు ఏ రేడియో స్టేషన్నో పట్టిందా? పట్టినా మనిషి పేరూ వయసూ చెప్పదు. ముందురోజంతా విన్న గొంతు చెవిలో మిగిలిపోయిందా? నాకు మిగిలిందనుకున్నా, నసీమాకి ఆ గడ్డ ఎలా తెలుస్తుంది? డాక్టర్‌గారు భార్యకి తెలియకుండా ఎప్పుడో చూసి, చెప్పలేక దాచుకున్నారా? అలాగే అనుకుందామంటే ఆ డిస్కులో ఏముండేదో ఇప్పుడు ఎవరూ చూడలేరు. నేనే చెరిపేశాను. అయినా దాచుకున్న రికార్డింగు డిస్కులో ఉండాలి గానీ, దేనికీ తగిలించని వైరులో ఎలా ఉంటుంది?

మా నాన్నకి చెప్పాను. ఆవిడ కోసం ప్రార్థన చేద్దాం అన్నారు, అంతే.

కిందటి నెల తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లు ఆఫీసులో పని పడితే, అది చూసుకుని సత్యవతిగారి దగ్గరికి వెళ్ళాను. బాగా నీరసించారు. మంచం మీద కూర్చుని గోంగూర ఆకులు దూస్తున్నారు. నేనూ ఒక కట్ట తీసుకుని దూస్తూ కూర్చున్నాను. ఆపరేషన్ గురించి, నసీమా గురించి మాట్లాడుకున్నాం. అన్నాళ్ళూ అడగాలని ఉండీ అడగలేనిది అప్పుడు అడిగాను.

"ఆ రోజు మీరు చాలాసేపు పెట్టుకున్నారు కదండీ. మీకేం చెప్పారు డాక్టర్‌గారు?"

ఆవిడ ఆకులు దూస్తూనే ఉన్నారు.

"నాకేం వినపడలేదమ్మా."

"అస్సలు?"

"అస్సలు. మీ ఇద్దరికీ వినపడింది. నాకు మాత్రం ఊరికే చెవులు మూసుకున్నట్టుంది, అంతే."

"మరి అంతసేపు ఎందుకు కూర్చున్నారండీ?"

"మొదలవుతుందేమోనని చూశానమ్మా," అన్నారు.

ఆ గొంతు ఎక్కణ్నుంచి వచ్చిందో నాకు ఈరోజుకీ తెలీదు. నసీమాకి వినిపించి, ఆ ఇంటితో ఏ సంబంధమూ లేని నాకు వినిపించి, ఆవిడకి ఎందుకు వినిపించలేదో అసలే తెలీదు.